కోర్టు ముందుకు రాని కాగితాలు: కొరెమాట్సు కేసుపై ఒక న్యాయవాది పరిశీలన

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా పశ్చిమ తీరంలో నివసిస్తున్న జపాన్ సంతతి ప్రజలను, దాదాపు 1,20,000 మందిని, ఇళ్లూ పొలాలూ దుకాణాలూ వదిలించి శిబిరాల్లో బంధించిన ఉదంతాన్ని న్యాయ కళాశాలల్లో సాధారణంగా రాజ్యాంగ ప్రశ్నగా బోధిస్తారు. యుద్ధ సమయంలో ప్రభుత్వ అధికారానికి హద్దు ఎక్కడ, కోర్టు ఎంతవరకు జోక్యం చేసుకోవచ్చు అన్న చర్చతో పాఠం ముగుస్తుంది. ముందస్తు నిర్బంధ ఉత్తర్వులను సవాలు చేస్తూ, బంధించిన వ్యక్తిని కోర్టు ముందు హాజరుపరచి కారణం చూపమని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్లు వాదించే న్యాయవాదిగా నేను ఈ కేసులో వెతికింది మరొకటి. ‘సైనిక అవసరం’ అని ప్రభుత్వం చెప్పిన దానిని ఎవరు, ఏ కోర్టులో, ఏ సాక్ష్యంతో నిరూపించారు? ఎవరూ, ఏ కోర్టులోనూ నిరూపించలేదు. పైగా అందులో కీలకమైన భాగాలు నిలబడవని ప్రభుత్వం తరఫున వాదనలు తయారుచేసిన న్యాయవాదులకే తెలుసు. అప్పటి బహిష్కరణ ఉత్తర్వును ధిక్కరించి శిక్ష పడిన ఫ్రెడ్ కొరెమాట్సు కేసును నేను ప్రధానంగా వాస్తవాలను దాచిపెట్టిన కేసుగా చూస్తాను. 1983లో ఆ కేసు మళ్లీ తెరుచుకున్నది కూడా ఆ దారిలోనే.

ఉత్తర్వుల వరుస

1941 డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్‌పై దాడి జరిగింది. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్వెల్ట్ 9066వ కార్యనిర్వాహక ఉత్తర్వుపై సంతకం చేశారు. ఆ ఉత్తర్వులో జపనీయుల ప్రస్తావన ఎక్కడా లేదు. కొన్ని ప్రాంతాలను సైనిక ప్రాంతాలుగా ప్రకటించి, అక్కడి నుంచి ఎవరినైనా తొలగించే అధికారాన్ని యుద్ధ శాఖ మంత్రికీ, ఆయన నియమించే కమాండర్లకూ అది కట్టబెట్టింది. పశ్చిమ రక్షణ కమాండ్ అధిపతి జనరల్ జాన్ డెవిట్ ఆ అధికారాన్ని ఒక్క సంతతిపైనే పూర్తిగా ప్రయోగించారు. మార్చి 21న అమెరికన్ కాంగ్రెస్ 503వ పబ్లిక్ లా చేసి, సైనిక ఉత్తర్వును ఉల్లంఘించడాన్ని ఏడాది వరకు జైలుకూ, 5,000 డాలర్ల వరకు జరిమానాకూ అర్హమైన నేరంగా మార్చింది. ఆ వెంటనే రాత్రి 8 నుంచి ఉదయం 6 వరకు కర్ఫ్యూ వచ్చింది. జర్మనీ, ఇటలీ విషయంలో కర్ఫ్యూ ఆ దేశాల పౌరులుగానే మిగిలిపోయిన వారికి మాత్రమే వర్తించగా, జపాన్ సంతతి విషయంలో మాత్రం అమెరికాలో పుట్టి పెరిగిన పౌరులకు కూడా వర్తించింది. శిబిరాలకు తరలించిన వారిలో మూడింట రెండు వంతుల మంది అటువంటి పౌరులే. మిగిలిన పెద్దతరం పౌరసత్వం తీసుకోకపోవడానికి కారణం, ఆసియా నుంచి వచ్చిన వారికి పౌరసత్వం ఇవ్వడాన్ని అప్పటి అమెరికన్ చట్టమే నిషేధించడం.

ఆ తరువాత వచ్చిన రెండు ఉత్తర్వులను న్యాయవాది పక్కపక్కన పెట్టుకుని చదవాలి. మార్చి 27 నాటి ప్రకటన జపాన్ సంతతి వారు తమ సైనిక ప్రాంతాన్ని విడిచి వెళ్లరాదని శాసించింది. మే 3న జారీ అయిన 34వ పౌర బహిష్కరణ ఉత్తర్వు, శాన్ లియాండ్రో పరిసరాల్లోని జపాన్ సంతతి వారంతా మే 9 మధ్యాహ్నం తరువాత అక్కడ ఉండరాదని శాసించింది. వెళ్తే ఒక ఉత్తర్వు ప్రకారం నేరం, ఉంటే మరో ఉత్తర్వు ప్రకారం నేరం. రెండింటికీ లోబడి బతకాలంటే సైన్యం చూపించిన కేంద్రానికి వెళ్లి లొంగిపోవడం ఒక్కటే మార్గం, అక్కడి నుంచి దారి నేరుగా శిబిరానికే. జస్టిస్ రాబర్ట్స్ తన భిన్నాభిప్రాయ తీర్పులో దీనిని తెలివిగా పన్నిన ఉచ్చుగా వర్ణించారు. ఉత్తర్వులను విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ పరిమితమైనదిగా కనబడటం, కలిపి చదివితేనే నిర్బంధం బయటపడటం మన కేసుల్లోనూ తరచుగా ఎదురయ్యేదే కనుక, ఈ భాగాన్ని జూనియర్లు ప్రత్యేకంగా చదవాలని నేను కోరుకుంటాను.

హవాయి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. దాడి జరిగింది హవాయి మీద. అక్కడి జనాభాలో మూడో వంతుకు మించి జపాన్ సంతతి వారు. వారిని తొలగిస్తే దీవుల ఆర్థిక వ్యవస్థ నిలిచిపోతుందని అందరికీ తెలుసు. అక్కడ సామూహిక తొలగింపు జరగలేదు, అనుమానం వచ్చిన వ్యక్తులను మాత్రమే విడిగా నిర్బంధించారు. ముప్పు దగ్గరగా ఉన్నచోట అవసరం లేని చర్య వేల మైళ్ల దూరంలోని తీరంలో ఎందుకు అనివార్యమైందో ప్రభుత్వం నమ్మదగిన వివరణ ఎన్నడూ ఇవ్వలేదు.

కక్షిదారు, విచారణ

ఫ్రెడ్ కొరెమాట్సు 1919లో ఓక్లాండ్‌లో పుట్టారు. తల్లిదండ్రులు పూల నర్సరీ నడిపేవారు, ఆయన వెల్డర్‌గా పనిచేసేవారు. కుటుంబం టాన్‌ఫొరాన్ గుర్రపు పందేల మైదానంలో ఏర్పాటు చేసిన తాత్కాలిక కేంద్రానికి వెళ్లినప్పుడు ఆయన వెళ్లలేదు. ప్రేమించిన అమ్మాయితో కలిసి ఉండాలని పేరు మార్చుకున్నారు, ముఖానికి చిన్న శస్త్రచికిత్స కూడా చేయించుకున్నారు. 1942 మే 30న శాన్ లియాండ్రోలో అరెస్టయ్యారు. ఒక ఉత్తర్వు చెల్లుబాటును కోర్టులో తేల్చుకునే పరీక్షా కేసుకు న్యాయవాదులు కోరుకునే తరహా కక్షిదారు కాదు ఆయన. సియాటిల్‌లో కర్ఫ్యూనూ బహిష్కరణనూ నైతిక కారణాలతో ధిక్కరించిన విద్యార్థి గోర్డన్ హిరబయాషీ, పోర్ట్‌లాండ్‌లో కర్ఫ్యూను సవాలు చేయడానికి తానే పోలీస్ స్టేషన్‌కు నడిచి వెళ్లిన న్యాయవాది మినోరు యసుయి అటువంటి వారు. అయినా అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ ఉత్తర కాలిఫోర్నియా శాఖ డైరెక్టర్ ఎర్నెస్ట్ బెసిగ్ జైలుకు వెళ్లి, ఈ కేసు నడిపిస్తారా అని కొరెమాట్సును అడిగారు, ఆయన ఒప్పుకున్నారు. అధ్యక్షుడి ఉత్తర్వునే సూటిగా సవాలు చేయరాదని యూనియన్ జాతీయ బోర్డు తీర్మానించినా బెసిగ్ వెనక్కి తగ్గలేదు. వేయిన్ కాలిన్స్ వాదించారు. ఈ ఇద్దరి పట్టుదల లేకపోతే నేడు మనం చర్చించుకోవడానికి కేసే ఉండేది కాదు.

విచారణ చాలా చిన్నది. నిందితుడు జపాన్ సంతతికి చెందినవాడా, నిషేధిత ప్రాంతంలో ఉన్నాడా అన్నవి తప్ప కోర్టు మరేమీ తేల్చలేదు. సైనిక అవసరం గురించి ప్రాసిక్యూషన్ ఒక్క సాక్షినీ ప్రవేశపెట్టలేదు, అందువల్ల ఆ అంశంపై ఎవరినీ అడ్డప్రశ్నలు అడిగే అవకాశమూ రాలేదు. 1942 సెప్టెంబర్ 8న నేర నిర్ధారణ జరిగి, అయిదేళ్ల ప్రొబేషన్ విధించారు. ప్రొబేషన్ అంటే స్వేచ్ఛగా ఇంటికి వెళ్లడం కదా. అయినా ఆయనను సైనిక పోలీసులు టాన్‌ఫొరాన్‌కు, అక్కడి నుంచి యూటాలోని టోపాజ్ శిబిరానికి తరలించారు.

1943 జూన్ 21న హిరబయాషీ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కర్ఫ్యూను సమర్థించింది. రెండు శిక్షలూ ఏకకాలంలో అమలవుతున్నాయన్న కారణం చూపి, బహిష్కరణ ప్రశ్నను తాకకుండా వదిలేసింది. ఆ ప్రశ్న 1944 డిసెంబర్ 18న కొరెమాట్సు కేసులో తేలింది. ఆరుగురు న్యాయమూర్తుల తరఫున జస్టిస్ బ్లాక్ మెజారిటీ తీర్పు రాస్తూ, ఒక జాతి హక్కులను కత్తిరించే చట్టాలన్నిటినీ అత్యంత కఠినంగా పరీక్షించాలని మొదట్లోనే సూత్రం చెప్పారు. ఆ పరీక్ష మాత్రం చేయలేదు. సైన్యం చెప్పిందే ఆధారంగా తీసుకున్నారు. రాబర్ట్స్, మర్ఫీ, జాక్సన్ విభేదించారు. మర్ఫీ ఈ చర్యను జాతి వివక్షగా సూటిగా ఖండించారు. నా దృష్టిలో వృత్తిపరంగా అత్యంత విలువైనది జాక్సన్ వాక్యం: ఈ అంశంపై ఏ కోర్టూ సాక్ష్యం తీసుకోలేదు కనుక, ప్రమాణం చేయని, అడ్డప్రశ్నలకు నిలబడని, తనను తాను సమర్థించుకునే డెవిట్ ప్రకటనను అంగీకరించడం తప్ప కోర్టుకు గత్యంతరం లేకపోయిందని ఆయన రాశారు. ఇటువంటి తీర్పు ఏదో ఒక అత్యవసరాన్ని చూపగలిగిన ఏ అధికారి చేతికైనా అందేలా సిద్ధంగా ఉంచిన, గుండ్లు నింపిన తుపాకీ వంటిదని హెచ్చరించినదీ ఆయనే.

అదే రోజు మిత్సుయె ఎండో కేసులో, విధేయురాలని ప్రభుత్వమే ఒప్పుకున్న పౌరురాలిని శిబిరంలో ఉంచే అధికారం లేదని కోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. కేసు వదులుకుంటే విడిచిపెడతామన్న ప్రతిపాదనను ఆమె తిరస్కరించి, తీర్పు కోసం శిబిరంలోనే ఉండిపోయారు. తీర్పుకు ముందు రోజు, డిసెంబర్ 17న, సామూహిక బహిష్కరణను ఎత్తివేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది.

ప్రభుత్వానికి తెలిసినది

ఈ కేసులో అసలు బరువంతా ఈ భాగంలోనే ఉంది. మూడు విడి విడి సంగతులున్నాయి.

మొదటిది నౌకాదళ గూఢచార విభాగం అభిప్రాయం. పశ్చిమ తీరంలోని జపాన్ సంతతిని దగ్గరగా పరిశీలించిన అధికారి కెన్నెత్ రింగిల్, అనుమానాస్పదులను వ్యక్తులవారీగా గుర్తించి చర్య తీసుకోవచ్చనీ, జాతి ప్రాతిపదికపై చర్య అవసరం లేదనీ 1942 జనవరిలోనే నివేదించారు. న్యాయ శాఖ న్యాయవాది ఎడ్వర్డ్ ఎన్నిస్ 1943 ఏప్రిల్ 30న సొలిసిటర్ జనరల్ చార్లెస్ ఫాహీకి రాసిన మెమోలో, ఈ నివేదిక సంగతి కోర్టుకు చెప్పకపోవడం సాక్ష్యాన్ని అణచిపెట్టడంతో సమానం కావచ్చని హెచ్చరించారు. హిరబయాషీ కేసు వాదనల్లో ఆ నివేదిక ప్రస్తావన రాలేదు.

రెండోది డెవిట్ తుది నివేదిక. 1943 ఏప్రిల్‌లో తయారైన మొదటి ప్రతిలో, విధేయులను అవిధేయుల నుంచి వేరుచేయడానికి సమయం చాలలేదన్నది కారణం కాదనీ, అటువంటి విభజన అసలు సాధ్యమే కాదనీ డెవిట్ రాశారు. కోర్టులో ప్రభుత్వ వాదన అందుకు సరిగ్గా వ్యతిరేకం: సమయం లేకపోవడం వల్లనే విడివిడిగా విచారించలేకపోయామని. ఒక సంతతి మొత్తాన్ని పుట్టుకను బట్టి అనుమానించామని కమాండరే ఒప్పుకుంటున్న కాగితం బయటకు వస్తే కేసు నిలబడదు. యుద్ధ శాఖ సహాయ మంత్రి జాన్ మెక్‌లాయ్ ఒత్తిడితో ఆ వాక్యాలు మార్చారు, పాత ప్రతులను వెనక్కి రప్పించి తగలబెట్టారు. తగలబెట్టినట్టు ధ్రువీకరిస్తూ ఒక ఉద్యోగి సంతకం చేసిన కాగితం కూడా ఫైలులో మిగిలింది. 1944 జనవరిలో లోకానికి విడుదలైనది మార్చిన ప్రతి.

మూడోది ఫుట్‌నోట్. తీరం నుంచి ఓడలకు అక్రమ రేడియో ప్రసారాలు, దీపాల సంకేతాలు అందుతున్నాయని డెవిట్ నివేదిక ఆరోపించింది. వందల ఫిర్యాదులను పరిశీలించిన ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ వాటిలో నిజం లేదని తేల్చింది, ఎఫ్‌బీఐ కూడా తన దగ్గర అటువంటి సమాచారం లేదని న్యాయ శాఖకు రాసింది. దానితో ఎన్నిస్, ఆయన సహచర న్యాయవాది జాన్ బర్లింగ్ కొరెమాట్సు కేసు బ్రీఫ్‌లో (ప్రభుత్వ లిఖిత వాదనలో) ఒక ఫుట్‌నోట్ చేర్చారు. రేడియో, సంకేతాల గురించి నివేదికలో ఉన్నది న్యాయ శాఖ వద్దనున్న సమాచారానికి విరుద్ధమనీ, కనుక ఆ వాస్తవాలను జ్యుడీషియల్ నోటీసుగా, అంటే రుజువు లేకుండానే నిజాలుగా, తీసుకోమని కోర్టును కోరడం లేదనీ దాని సారాంశం. అచ్చుకు వెళ్లిన బ్రీఫ్‌ను మెక్‌లాయ్ అభ్యంతరంతో ఆపారు. న్యాయ శాఖ సహాయ అటార్నీ జనరల్ హెర్బర్ట్ వెక్స్‌లర్ చేతిలో ఆ ఫుట్‌నోట్ మారిపోయి, బ్రీఫ్‌లో పేర్కొన్న వాస్తవాల మేరకే నివేదికపై ఆధారపడుతున్నామన్న ఒక నిర్జీవ వాక్యంగా మిగిలింది. దానిని చదివిన న్యాయమూర్తికి శాఖల మధ్య ఇంత తీవ్రమైన విభేదం ఉందని అనుమానం రావడానికి అవకాశమే లేదు. ఎన్నిస్, బర్లింగ్ మనస్సాక్షి ఉన్నవారని నేను నమ్ముతాను. అయినా ఆ మారిన బ్రీఫ్‌పై వారి పేర్లూ ఉన్నాయి.

పిటిషన్

1980లో అమెరికన్ కాంగ్రెస్ నియమించిన విచారణ కమిషన్‌కు పరిశోధకురాలిగా పనిచేసిన ఐకో హెర్జిగ్-యోషినాగా, యువతిగా ఉన్నప్పుడు మాన్‌జనార్ వంటి శిబిరాల్లో గడిపినవారు. 1982లో నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆమెకు తగలబెట్టకుండా మిగిలిపోయిన డెవిట్ మొదటి ప్రతి దొరికింది. న్యాయ చరిత్రకారుడు పీటర్ ఐరన్స్‌కు అంతకు ముందే న్యాయ శాఖ ఫైళ్లలో ఎన్నిస్, బర్లింగ్ మెమోలు దొరికాయి. ఈ రెండు ఆధారాలూ కలిశాక, శిక్ష పూర్తిగా అనుభవించిన తరువాత నలభై ఏళ్లకు ఒక నేర నిర్ధారణను తెరవడానికి ఏ తలుపు తట్టాలన్నది ప్రశ్న.

అప్పీలు దశ ఎప్పుడో ముగిసింది, హెబియస్ కార్పస్ వేయడానికి ఇప్పుడు నిర్బంధం లేదు. మిగిలినది, తీర్పులోని వాస్తవ లోపాన్ని సరిదిద్దమని కోరే కోరం నోబిస్ అనే పాత రిట్. శిక్ష పూర్తయినవారికి కూడా ఇది అందుబాటులో ఉందని అమెరికన్ సుప్రీంకోర్టు 1954లో మోర్గాన్ కేసులో చెప్పింది. విచారణ స్వభావాన్నే దెబ్బతీసిన మౌలికమైన వాస్తవ లోపం ఉండాలి, ముందుగా రాకపోవడానికి తగిన కారణం చూపాలి, మరో పరిహారం ఉండరాదు. శిక్ష వేసిన కోర్టులోనే దాఖలు చేయాలి. అందువల్ల శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటిల్, పోర్ట్‌లాండ్‌లలో మూడు వేర్వేరు పిటిషన్లు వేయవలసి వచ్చింది. కొరెమాట్సు తరఫున డేల్ మినామి నాయకత్వంలో పనిచేసిన యువ న్యాయవాదుల్లో పలువురు శిబిరాల్లో బతికినవారి పిల్లలే. 1983 జనవరి 19న పిటిషన్ దాఖలైంది.

ప్రభుత్వం ఎత్తుగడ పరిశీలించదగినది. క్షమాభిక్ష ప్రతిపాదన వచ్చింది, కొరెమాట్సు వద్దన్నారు. నేరం చేసినవారికే క్షమాభిక్ష, తాను చేయలేదన్నది ఆయన వైఖరి. తరువాత ప్రభుత్వం నేర నిర్ధారణ రద్దుకు అభ్యంతరం లేదంటూనే, పాత ఆరోపణల జోలికి పోకుండా పిటిషన్‌ను ముగించమని కోరింది. అంటే ఫలితం ఇస్తాం, వాస్తవాలపై నిర్ణయం వద్దు. జడ్జి మెరిలిన్ హాల్ పటేల్ అందుకు అంగీకరించలేదు. ఎప్పుడో ముగిసిన ప్రాసిక్యూషన్‌ను ఇప్పుడు ఉపసంహరించుకునే వీలు లేదని చెప్పి, కమిషన్ నివేదికనూ ఆ ప్రభుత్వ మెమోలనూ పరిగణించి, 1983 నవంబర్ 10న నేర నిర్ధారణను రద్దు చేశారు. ఆనాడు నిర్బంధం అనుభవించినవారితో నిండిన కోర్టు హాలులో కొరెమాట్సు స్వయంగా మాట్లాడి, ప్రభుత్వం తన తప్పు ఒప్పుకోవాలని, ఇది మరే జాతి పౌరుడికీ జరగకుండా చూడాలని కోరారు. 1984 ఏప్రిల్ 19 నాటి లిఖిత తీర్పులో, ప్రభుత్వం సంబంధిత సమాచారాన్ని కోర్టుకు అందకుండా చేసిందని ఆమె స్పష్టంగా నమోదు చేశారు.

అవే కాగితాలతో పోర్ట్‌లాండ్‌లో వచ్చిన ఫలితం వేరు. జడ్జి బెలోనీ నేర నిర్ధారణను రద్దు చేసి, ప్రభుత్వ ప్రవర్తనపై ఏమీ తేల్చకుండా పిటిషన్‌ను కొట్టివేశారు. ఆ నిర్ణయం కావాలనే యసుయి అప్పీలుకు వెళ్లారు, 1986 నవంబర్‌లో మరణించారు, కేసు అంతటితో నిరర్థకమైంది. సియాటిల్‌లో జడ్జి వూర్హీస్ సాక్షులను విచారించి 1986లో బహిష్కరణ నేరాన్ని రద్దు చేశారు, కర్ఫ్యూ నేరాన్ని ఉంచేశారు. 1987లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు తరఫున జడ్జి మేరీ ష్రోడర్ రెండింటినీ రద్దు చేశారు. మూడింటినీ పోల్చి చూస్తే, పిటిషనర్‌కు ఉపశమనం ఇచ్చి రికార్డును మూసేయడం కోర్టుకు ఎంత సులభమో, దానిని అడ్డుకోవడానికి న్యాయవాది ఎంత గట్టిగా పట్టుబట్టాలో అర్థమవుతుంది. యసుయి పొందలేనిది కొరెమాట్సు పొందగలిగారంటే అందులో జడ్జి వైఖరి పాలు ఎక్కువ.

చెరగనిది

పటేల్ తీర్పుకు ఒక హద్దు ఉంది, దానిని ఆమే చెప్పారు. కోరం నోబిస్ వాస్తవ లోపాన్ని సరిదిద్దుతుంది, సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయ సూత్రాన్ని జిల్లా కోర్టు తీసివేయలేదు. ఓడిన ప్రభుత్వం అప్పీలు నడపలేదు, గెలిచిన కొరెమాట్సుకు అప్పీలు లేదు, కనుక 1944 తీర్పు అలాగే నిలిచింది. పశ్చిమ తీరంలో జపాన్ సంతతి వారెవరూ గూఢచర్యానికీ విద్రోహానికీ పాల్పడిన దాఖలా లేదని కమిషన్ తేల్చి, జాతి విద్వేషం, యుద్ధోన్మాదం, రాజకీయ నాయకత్వ వైఫల్యం అసలు కారణాలని చెప్పింది. 1988 ఆగస్టు 10న రీగన్ సంతకంతో వచ్చిన చట్టం బతికి ఉన్న ప్రతి బాధితుడికీ 20,000 డాలర్లూ అధికారిక క్షమాపణా ఇచ్చింది. 2011లో తాత్కాలిక సొలిసిటర్ జనరల్ నీల్ కత్యాల్, ఫాహీ రింగిల్ నివేదిక గురించి కోర్టుకు చెప్పకపోవడం తప్పని తన కార్యాలయం తరఫున ఒప్పుకున్నారు. 2018లో ట్రంప్ వర్సెస్ హవాయి కేసులో ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ (1944 నాటి జస్టిస్ రాబర్ట్స్ వేరు), కొరెమాట్సు తీర్పు వెలువడిన రోజే ఘోరమైన తప్పని రాశారు. అయితే అది ఒక ప్రయాణ నిషేధాన్ని జాతీయ భద్రత పేరుతో సమర్థిస్తున్న తీర్పులోని మాట, జస్టిస్ సోటోమేయర్ తన భిన్నాభిప్రాయంలో ఆ పోలికనే ఎత్తిచూపారు.

మన దేశంలో ఎమర్జెన్సీ నిర్బంధాలపై హెబియస్ కార్పస్‌ను నిరాకరించిన 1976 నాటి ఏడీఎం జబల్‌పూర్ తీర్పు, జస్టిస్ ఖన్నా ఒక్కరే విభేదించినది, 2017లో గోప్యత హక్కుపై పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చేతిలో స్పష్టంగా రద్దయింది. ఆ మేరకు మన స్థితి మెరుగు. అయితే వాస్తవాలను దాచే సమస్య మనకూ ఉంది. రాజ్యాంగం 22(5) అధికరణం నిర్బంధానికి కారణాలు తెలపాలని చెబుతుంది, కీలకమైన సమాచారాన్ని ఉత్తర్వు జారీచేసే అధికారి ముందు ఉంచకపోతే ఆ ఉత్తర్వు చెల్లదని ఆశాదేవి కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. తెలంగాణలో ముందస్తు నిర్బంధ చట్టం పీడీ యాక్ట్‌ను వాడుతున్న తీరును అమీనా బేగం కేసులో 2023లో తీవ్రంగా తప్పుపట్టింది. అదే ఏడాది ఏప్రిల్ 5న మీడియావన్ టీవీ చానెల్ కేసులో, సీల్డ్ కవర్‌లో ఇచ్చిన సమాచారంతో జాతీయ భద్రత అని చెప్పి అవతలి పక్షానికి జవాబు చెప్పుకునే అవకాశం లేకుండా చేయడాన్ని అంగీకరించలేదు.

అందుకే నిర్బంధ కేసుల్లో నేను ఉత్తర్వు ప్రతితో సరిపెట్టుకోను. ప్రతిపాదన పంపిన అధికారి నివేదిక, దానికి ముందున్న ముసాయిదాలు, మరో శాఖ భిన్నంగా ఏమైనా రాసి ఉంటే ఆ కాగితం, ఒక్కొక్కదాని తేదీతో సహా అసలు ఫైలును కోర్టు ముందుంచమని పిటిషన్‌తో పాటే విడి దరఖాస్తు వేస్తాను. ప్రభుత్వం జవాబుగా వేసే కౌంటర్‌లో ఒక వాస్తవానికి ఆధారం చూపకుండా ‘విశ్వసనీయ సమాచారం’ అని మాత్రమే ఉంటే, ఆ సమాచారం ఎవరిది, ప్రమాణం చేసి చెబుతున్నది ఎవరు అని దానికి మా బదులుగా వేసే రిజాయిండర్‌లో పేరాల వారీగా అడుగుతాను. ఉత్తర్వు ఉపసంహరించుకున్నాం కనుక పిటిషన్ నిరర్థకమైందని ప్రభుత్వ న్యాయవాది చెప్పినప్పుడు, నిర్బంధం చట్టబద్ధమా కాదా అన్నది తేల్చమనే కోరుతాను.